చూసినందుకు కూలి

ఎండాకాలంలో ఏసీ చల్లదనం తగ్గిందని మెకానిక్‌ను పిలిస్తే పది నిమిషాల్లో వచ్చే తీర్పు చాలాసార్లు ఒకటే: ‘గ్యాస్ అయిపోయింది సార్, నింపాల.’ ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు అరుదు. వంటింటి సిలిండర్ మనకు అలా అలవాటు చేసింది. వాడేకొద్దీ తరుగుతుంది, అయిపోతే ఇంకొకటి తెచ్చుకోవాలి. ఏసీలో గ్యాస్ అలా మండి ఖర్చయ్యేది కాదు. ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమై అవే గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకుపోతుంది. అది ఎన్ని గ్రాములుండాలో అవుట్‌డోర్ యూనిట్‌కు అంటించిన ప్లేటు మీద కంపెనీ అచ్చు వేసే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా నింపితే వచ్చే వేసవి బిల్లు కూడా ఈ వేసవిలోనే ఖాయమైనట్టు. అయినా ఊరూరా జరిగేది ఇదే. దీనికి మెకానిక్‌ల మోసమే కారణమని తేల్చేయడం సులువు, కోపం కూడా తీరుతుంది. నాకు మాత్రం మన జేబు తీరు మీదే ఎక్కువ అనుమానం. యంత్రాన్ని చూసినందుకు మనం డబ్బు ఇవ్వం, అందులో ఏదైనా నింపినందుకో మార్చినందుకో మాత్రమే ఇస్తాం. అలాంటప్పుడు ప్రతి చూపూ ఏదో ఒకటి నింపడంతోనో మార్చడంతోనో ముగియడంలో ఆశ్చర్యమేముంది?

కంబదూరులాంటి కరువు సీమ మండలంలో ఏసీ గురించి ఇంత చర్చా అని అడగవచ్చు. అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ ఆడుతుంది, ఏప్రిల్ మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బ్యాంకు, ఏటీఎం గది, కంప్యూటర్లున్న ఆఫీసు అటుంచి, నెల జీతం వచ్చే ఇళ్లలోకి, పిల్లలు బెంగళూరులో పనిచేసే ఇళ్లలోకి ఏసీ కంతుల మీద వస్తూనే ఉంది. నిజానికి ఈ పొడి గాలికి కూలరే సరిగ్గా అమరుతుంది. తేమ తక్కువున్న చోట నీళ్లు ఆవిరై గాలిని బాగా చల్లబరుస్తాయి. కూలర్ రిపేరులో దాపరికమూ ఉండదు. ఫ్యాను తిరుగుతోందా, పంపు నీళ్లు తోడుతోందా, గడ్డి తడుస్తోందా అన్నది ఇంట్లో పిల్లాడు కూడా చూసి చెప్పగలడు. అయితే పెద్ద కూలర్ రోజుకు నాలుగైదు బిందెలు తాగేస్తుంది. బోర్లు ఎండి ట్యాంకర్ కోసం కాచుకునే నెలలోనే దానికి దాహమెక్కువ. పైగా ఇక్కడి బోరు నీళ్లలోని ఉప్పు తేలి, గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. కాబట్టి ఈ నేల మీద ఏసీ కొనేవాళ్లందరిదీ విలాసమని నేననను. కొంతమందిది నీళ్ల లెక్క. ఆ లెక్కలో వాళ్లు వదులుకున్నది, కంటితో చూసి తప్పు పట్టుకోగల యంత్రాన్ని. బదులుగా తెచ్చుకున్నది, లోపల ఏం జరుగుతోందో మెకానిక్ చెబితే తప్ప తెలియని యంత్రాన్ని.

ఆ మెకానిక్‌కు కూడా లోపలిది నేరుగా కనిపించదు, లక్షణాలే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడుంది. ఇండోర్ యూనిట్‌లో కాయిల్ మీద మంచు గడ్డకట్టిందనుకుందాం. గ్యాస్ తగ్గినా అలా కడుతుంది, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోయినా అలాగే కడుతుంది. వేరుశనగ పెరికి, తొక్కి, తూర్పారబట్టే కాలంలో ఈ ఊళ్ల గాలిలో ఎంత ధూళి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ధూళి బయటి కాయిల్ రెక్కల మధ్య చేరితే వేడి బయటికి పోదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ కరెంటు ఎక్కువ లాగి మధ్యాహ్నం రెండింటికి ఆగిపోతుంది, పొద్దు గూకాక మళ్లీ తిరుగుతుంది. కంప్రెసర్ గురగురమని మూలిగి ఆగిపోతూ, ఫ్యాను మాత్రం తిరుగుతుంటే పోయింది కొన్ని వందల రూపాయల కెపాసిటర్ కావచ్చు. అదే లక్షణానికి ‘కంప్రెసర్ పోయింది’ అన్న వేల రూపాయల తీర్పు కూడా సరిపోతుంది. 230 వోల్టులు రావలసిన చోట సాయంత్రం 180 వస్తుంటే మంచి కంప్రెసర్ కూడా అలాగే మూలుగుతుంది. కర్ణాటక సరిహద్దు దాటితే పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఎండనంతా కరెంటు చేస్తోంది. ఇవతల చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింది ఇంట్లో మాత్రం స్టెబిలైజర్ టకటకలాడుతూనే ఉంటుంది. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు కాలిన పీసీబీలు, అంటే ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డులు, నిజంగానే ఉన్నాయి. కాలకపోయినా మార్చినవీ ఉండే ఉంటాయి. బయటి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇవి విడదీయడానికి మంత్రాలేం అక్కర్లేదు. పాత రకం, అంటే ఒకే వేగంతో తిరిగే కంప్రెసర్‌లో గ్యాస్ తగ్గితే కరెంటు తక్కువ లాగుతుంది. బయటి కాయిల్ మూసుకుపోతే ఎక్కువ లాగుతుంది. తీగ చుట్టూ క్లాంప్ మీటర్ వేస్తే అర నిమిషంలో ఆ తేడా బయటపడుతుంది. లోపలికి పీల్చుకునే గాలికీ బయటికి ఊదే గాలికీ వేడిలో తేడా మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలుండాలి. దానికి మామూలు థర్మామీటర్ చాలు. ఒత్తిడి చూసే గేజ్ చివరి మాటగా రావాలి, ఎందుకంటే పైపు తగిలించి తీసిన ప్రతిసారీ కొంచెం గ్యాస్ బయటికి పోతుంది. మంచి పనివాళ్లకు ఇది తెలుసు. ఆర్-22 గ్యాస్‌కు సరైన ఒత్తిడి ఆర్-32కు చాలా తక్కువ. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారేకొద్దీ అంకె మారుతుంది. కాబట్టి యంత్రం ఏదో, గ్యాస్ ఏదో, బయట ఎండ ఎంతో చూడకుండా గేజ్ ముల్లు చూపించి ‘చూడండి, ఎంత తగ్గిందో’ అనడంలో సాక్ష్యమేమీ లేదు. కారుతోందని అనుమానమొస్తే గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి. ఆ తర్వాత వాక్యూమ్ చేసి, ప్లేటు మీదున్న గ్రాముల లెక్కన తూకం వేసి నింపాలి. కళ్యాణదుర్గం నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చే మనిషి వెంట గ్యాస్ డబ్బా, గేజ్ పడతాయి. నైట్రోజన్ సిలిండర్, వాక్యూమ్ పంపు, తూకం మిషన్ పడవు. బండి మీద పట్టిన సామానుకు సరిపోయే జబ్బే యంత్రానికి వస్తుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. వచ్చిన మెకానిక్ ఫిల్టర్ కడుగుతాడు, బయటి కాయిల్ మీద నీళ్లు కొడతాడు, గ్యాస్ కూడా పడతాడు. చల్లగాలి వస్తుంది. ఏ పని వల్ల వచ్చింది? కడగడం వల్లే వచ్చి ఉండవచ్చు. కానీ బిల్లులో పెద్ద అంకె గ్యాస్‌ది కాబట్టి ఘనత కూడా గ్యాస్‌కే దక్కుతుంది. ‘నిజంగా అయిపోయినట్టుంది, నింపగానే చల్లబడింది’ అని ఇంట్లోవాళ్లే పక్కింట్లో సాక్ష్యం చెబుతారు. మైఖేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఆర్థికవేత్తలు 1973లోనే ఇలాంటి సేవల గురించి రాశారు. కొన్నాక కూడా అవసరమై కొన్నామో లేదో తెలియని సరుకులుంటాయని, అక్కడ పోటీ ఎంతున్నా కొంత మోసం నిలిచే ఉంటుందని వాళ్ల వాదన. మామిడిపండు పులుపైతే మళ్లీ ఆ బండి దగ్గరికి పోము. గ్యాస్ అనవసరమైతే మనకు తెలియను కూడా తెలియదు, పైగా అతన్నే మళ్లీ పిలుస్తాం.

జబ్బు నిర్ణయం యంత్రాన్ని బట్టి కాక డబ్బు దారిని బట్టి సాగుతుందనడానికి పరీక్షలు జరిగాయి. 1941లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక తరఫున కొందరు అమెరికా అంతా కారులో తిరిగారు. గ్యారేజీ ముందుకు వచ్చాక కాయిల్ తీగ ఒకటి తామే ఊడదీసి, కారు నడవడం లేదని చెప్పేవారు. తిరిగి తగిలిస్తే సరిపోయే ఆ తీగకు, వెళ్లిన 347 గ్యారేజీల్లో సగానికి మించి లేని జబ్బులు చెప్పాయి, చేయని పనులకు డబ్బు తీసుకున్నాయి. అది పాత కథ, దూర దేశపు కథ అని పక్కన పెట్టినా, 2016లో రుడాల్ఫ్ కెర్ష్‌బామర్ బృందం ప్రచురించిన ఆస్ట్రియా పరీక్షను అంత సులువుగా పక్కన పెట్టలేం. వాళ్లు కంప్యూటర్లలో ఒకే భాగాన్ని కావాలని చెడగొట్టి రిపేరు షాపులకు పంపారు. మామూలుగా వెళ్లినప్పుడు సగటు బిల్లు సుమారు 70 యూరోలైంది. ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుందిలే అని ఒక్క మాట అదనంగా అన్నప్పుడు సుమారు 129 అయింది. కంప్యూటర్ అదే, చెడిన భాగమూ అదే. మనుషులందరూ దొంగలని ఇది చెప్పదు. డబ్బు ఎలా వస్తుందో దాన్ని బట్టి మామూలు మనుషుల చూపు కూడా పక్కకు ఒరుగుతుందని మాత్రం చెబుతుంది.

ఆ మాటను మన మెకానిక్ వైపు నుంచి చూద్దాం. మే నెల ఎండలో కళ్యాణదుర్గం నుంచి కంబదూరుకు వచ్చి, మిద్దె ఎక్కి, కాలే బండ మీద కూర్చుని, ‘ఏమీ పోలేదన్నా, ఫిల్టర్ కడుక్కోండి, వోల్టేజీ గురించి లైన్‌మన్‌కు చెప్పండి’ అని నిజం చెప్పాడనుకోండి. ఎంతిస్తాం? ‘ఏం చేసినావని ఇయ్యాల?’ అని అడిగే ఇళ్లు తక్కువా? పెట్రోలు డబ్బులు చేతిలో పెట్టడానికి కూడా బేరమాడతాం. అదే మనిషి గ్యాస్ పట్టి వేలల్లో బిల్లు వేస్తే రెండొందలు తగ్గించమని అడిగి, టీ ఇచ్చి పంపుతాం. నిజం చెప్పినవాడికి నష్టం, నింపినవాడికి లాభం వచ్చేలా ఏర్పాటు చేసింది మనమే. అతని సీజన్ మూడు నెలలు. మిగతా కాలం వైరింగ్ పనులో, మోటార్ పనులో చేసుకుని బతకాలి. చూసినందుకు వేరుగా, మర్యాదైన కూలి ముందే మాట్లాడుకుంటే, ఏదైనా పోయిందని తేలినా తేలకపోయినా అంతే ఇస్తామంటే, తీర్పు మీద గ్యాస్ డబ్బా బరువు తగ్గుతుంది. ఇంకా మంచిది, చూసే మనిషి ఒకరు, పెద్ద రిపేరు చేసే మనిషి మరొకరు కావడం.

అలా అని చూసినందుకు కూలి ఇస్తే చాలు, అన్నీ చక్కబడతాయనుకుంటే ఈ సీమలోనే గట్టి జవాబు ఉంది. బోరు పాయింట్ పెట్టేవాళ్లను చూడండి. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకునో, వేపపుల్ల పట్టుకునో చేనంతా నడిచి ‘ఇక్కడ ఏయండి’ అని చూపేవాళ్లకు మనం ఇచ్చేది అచ్చంగా చూసినందుకు కూలే. నీళ్లు పడినా పడకపోయినా ఆ డబ్బు వాళ్లదే. తర్వాత తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీకి ఇచ్చేది అడుగుల లెక్కన, కాబట్టి ‘ఇంకో యాభై అడుగులు పోదాం’ అన్న సలహాలో ఎంత నీటి జాడ ఉందో, ఎంత మీటర్ ఉందో తెలియదు. చూపు ఒకరిది, పని మరొకరిది. నేను పైన కోరిన ఏర్పాటే. అయినా ఈ జిల్లాలో ఎండిపోయిన బోర్ల అప్పులు ఎన్ని కుటుంబాలను తిన్నాయో అందరికీ తెలుసు. కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఉండేది పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్లలోను. పగులు తగిలితే గంగ, పది గజాలు పక్కకు పోతే పొడి దుమ్ము. తగిలినప్పుడు పాయింట్ పెట్టినవాడి ప్రతిభ, తగలనప్పుడు రైతు తలరాత. చల్లగాలి రాగానే గ్యాస్‌కు ఘనత ఇచ్చే తర్కం ఇదే. కొబ్బరికాయ చూపుకూ భూగర్భ జల శాఖ సర్వేకూ తేడా రెండోది ఎప్పుడూ తప్పదని కాదు, అదీ తప్పుతుంది. కానీ రెసిస్టివిటీ మీటర్ అంకెలు కాగితం మీద మిగులుతాయి, వేరొక భూగర్భ శాస్త్రవేత్త వాటిని చూసి ఒప్పుకోవచ్చు, తప్పు పట్టవచ్చు. కొబ్బరికాయ లేచిన కోణాన్ని రేపు ఎవరూ పరీక్షించలేరు. అందుకే చూపుకు కూలి ఇవ్వాలి, ఆ చూపు ఒక అంకెను మిగిల్చిపోవాలి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

అంకెలు అడగడం చదువుకున్నవాళ్ల తెలివి, ఊళ్లో ఎవరికి అర్థమవుతాయని కొందరంటారు. ఇంటివాళ్లకు అర్థం కావలసిన అవసరం లేదు. ఆంపియర్లు ఇంత, వోల్టులు ఇంత, లోపలికి పోయే గాలి ఇంత, వచ్చే గాలి ఇంత, గ్యాస్ ఇన్ని గ్రాములు పట్టాను అని బిల్లు వెనక రాయించుకుంటే చాలు. గేజ్ ముల్లునూ, ప్లేటునూ ఫోన్లో ఫోటో తీసి అనంతపురంలో తెలిసిన ఇంకో మెకానిక్‌కు పంపితే రెండో మాట ఇంట్లో కూర్చునే వినవచ్చు. మార్చిన భాగాన్ని అడిగి తీసుకోవచ్చు. ఈ ప్రశ్నలు అడిగితే మెకానిక్ అవమానపడతాడని ఇంకో అభ్యంతరం. కొందరు పడతారు. కానీ ఐటీఐలో రెండేళ్లు రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చదివి, క్లాంప్ మీటర్ కొనుక్కుని తిరిగే కుర్రవాడికి ఇప్పుడున్న పద్ధతిలో నష్టమే. డబ్బా, గేజ్‌తో తిరిగేవాడికీ తనకూ తేడా గిరాకీకి కనబడదు కదా. 2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ సర్టిఫికెట్‌కు విలువ రావాలంటే, దానితో వచ్చే చూపును కొనేవాళ్లుండాలి. ఇది మన జేబుతో ముగిసే సంగతి కూడా కాదు. ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో రెండువేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కారే గొట్టంలో ఏటా నింపుతున్నది చివరికి మన నెత్తి మీది ఎండలోకే పోతోంది.

చట్టం లేదా అంటే ఉంది. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అయిదు లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కానీ మూడు వేల గ్యాస్ కోసం అనంతపురానికి వాయిదాలు తిరిగేవాళ్లెవరు? ఆ దారి పట్టినా కమిషన్ అడిగేది బిల్లూ, రాతలో ఉన్న తీర్పూ. నోటి మాటగా ‘గ్యాస్ అయిపోయింది’ అన్నదాన్ని ఏ కమిషన్ కూడా తూచలేదు.

అసలు ఏమీ చెడని ఏసీల సంగతి మరిచిపోకూడదు. ఏసీ సామర్థ్యాన్ని పరీక్షించి ముద్ర వేసేది బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్కతో. బయట 43 ఉంటే అదే యంత్రం తక్కువ వేడిని మోస్తుంది, ఎక్కువ కరెంటు తాగుతుంది. అది రోగం కాదు. దానికి తోడు గది మీద పగలంతా కాలిన సిమెంటు స్లాబు. పాత ఇళ్ల మిద్దెల మీద మట్టి మందంగా పరచడం వల్ల ఎండ లోపలికి దిగడానికి చాలాసేపు పట్టేది. స్లాబు మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి తొమ్మిదికి మంచం మీద కక్కుతుంది. అలాంటి గదికి ఒక టన్ను ఏసీ బిగించి చల్లగా లేదంటే దానికి మందు గ్యాస్ కాదు, మిద్దె మీద సున్నమో, తెల్ల పెయింటో, పందిరో. ఈ మాట చెప్పే మెకానిక్‌కు ఆ రోజు అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. చూసినందుకు కూలి అందరికన్నా ముందు దక్కవలసింది అతనికే.

ఒక అభ్యంతరం మిగిలింది, అన్నిటికన్నా పదునైనది. అబద్ధం చెప్పదలచినవాడు అంకెలు కూడా అబద్ధంగానే రాస్తాడు కదా? రాయవచ్చు. అయితే ఈ అంకెలు విడివిడిగా బతకవు. పాత రకం ఏసీలో గ్యాస్ తగ్గిందని రాసినవాడు కరెంటు తక్కువ లాగిందని కూడా రాయాలి, గాలుల మధ్య తేడా పడిపోయిందని రాయాలి, పట్టిన గ్రాములు ప్లేటు మీదున్నదాన్ని మించకూడదు. వీటిని ఒకదానితో ఒకటి పొసగేలా అల్లడానికి ఎంత పని తెలియాలో, నిజంగా కొలవడానికి అంతకన్నా తక్కువ శ్రమ చాలు. గిరాకీ లేని జనవరి ఫిబ్రవరి నెలల్లో, యంత్రం బాగా పనిచేస్తున్నప్పుడే ఒకసారి మెకానిక్‌ను పిలిచి, కూలి ఇచ్చి, ఆ ఆంపియర్లూ డిగ్రీలూ స్టెబిలైజర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాయించి పెట్టుకుంటే, మేలో వచ్చే మెకానిక్ ఎవరైనా తన అంకెలను ఆ గోడ మీద ఉన్నవాటి పక్కనే రాయవలసి వస్తుంది.